కనకవ్వకు తగిలిన గాలి

పొద్దున ఏడింటికి నర్సింగ్ హోమ్ వరండా ఊడ్చి, చీపురు మూలకు పెట్టి, కనకవ్వ తలుపు దగ్గర కాసేపు ఊరికే నిలబడేది. కంపౌండర్ యాదగిరి పేపర్లోంచి తల ఎత్తకుండానే అడిగేవాడు.

“అన్నీ మూసే ఉన్నయా అవ్వా?”

“రెండో రూంల స్పిరిట్ సీస మూత సక్కగ పెట్టలే. ఎనుక నల్లా గూడ పూర్తిగ కట్టలే.”

యాదగిరి లేచి వెళ్లి మూత బిగించి, నల్లా కట్టేసి వచ్చేవాడు. రోజూ ఉండే పనే.

మూయాల్సింది ఎక్కడైనా మూయకుండా ఉంటే కనకవ్వ ఒంటికి చల్లగాలి తగిలేది. సిద్దిపేటలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. కొత్త స్లాబు కారినా, గ్యాసు సిలిండర్ వాసన వచ్చినా ఆమెకే కబురు పోయేది. ఒకసారి తొగుట నుంచి నీళ్లట్యాంకు కట్టే మేస్త్రి ట్రాక్టర్ పంపి మరీ పిలిపించుకున్నాడు. ఎక్కడికైనా ఆమె వెళ్లి, అరచేతులు చాపి కూర్చుని, “గీడ” అని చోటు చూపించేది. చాయ్ తాగి వచ్చేసేది.

ఆ వరండా చివరి గదిలో సుగుణ పనిచేసేది. బజారులో బట్టల దుకాణం హన్మంతు కూతురు. హైదరాబాదులో కంప్యూటర్ చదువు చదివి, ఇరవై ఏడేళ్ల వయసులో డాక్టర్ భూపతి నర్సింగ్ హోమ్‌లో కంప్యూటర్ పెట్టించింది. పెద్ద మిషన్ ఆమె గదిలో, దానికి తీగలతో కలిపిన నాలుగు చిన్న తెరలు, టెర్మినళ్లు, బయట. చీటీల కౌంటర్లో ఒకటి, ల్యాబ్‌లో ఒకటి, మందుల గదిలో ఒకటి, వార్డులో ఒకటి. మిషన్ లినక్స్ మీద నడిచేది, ఫారినోళ్లు రాసి, ఎవరైనా మార్చుకోవచ్చని ఊరికే ఇచ్చిన ప్రోగ్రాం అది. విండోస్ తప్ప ఇంకోటి ఉంటుందని కూడా అప్పటికి ఊళ్లో చాలామందికి తెలియదు. డాక్టర్ భూపతి వచ్చినవాళ్లందరికీ ఆ గది చూపించేవాడు.

ఆ ఎండాకాలం, తొంభై తొమ్మిదిలో, కరెంటు రోజుకు పది పన్నెండు సార్లు పోయేది. పెద్ద మిషన్‌కు బ్యాటరీ ఉంది, టెర్మినళ్లకు లేదు. కరెంటు పోతే అవి ఆరిపోయేవి, రాగానే వెలిగేవి. ఆరేడు రోజులకొకసారి మాత్రం వెలిగేవి కావు. సుగుణ పరుగెత్తుకొచ్చి పెద్ద మిషన్ ఆపి మళ్లీ నడిపించేది. కారణం వెతకాలనుకునేది. రోగుల హడావిడిలో పడి మరిచిపోయేది.

ఏప్రిల్‌లో ఒక పొద్దున కనకవ్వ కొడుకు దేవదాసును మోసుకొచ్చారు. నారాయణరావుపేట దగ్గర ట్రాక్టర్ బోల్తాపడి తొడ నలిగిపోయింది. నెత్తురు ఎక్కించాలి. నెత్తురు ఏ గ్రూపో ల్యాబ్ అతను పరీక్ష చేసి, మిషన్‌లో ఎక్కించి, ఇంకో ఊరికి బయలుదేరిపోయాడు. కాగితం మీద రాసిపెట్టడం మానేసి అప్పటికి ఆరు నెలలు. అంతలో కరెంటు పోయి వచ్చింది. టెర్మినళ్లు వెలగలేదు. సుగుణ ఎంత ప్రయత్నించినా పెద్ద మిషన్ మాట వినలేదు. తీగ పీకి మళ్లీ పెట్టాల్సి వచ్చింది. అట్లా పీకితే మిషన్ తన డిస్కంతా పరీక్ష చేసుకుంటేగానీ మళ్లీ లేవదు. తెర మీద అంకెలు మెల్లగా కదులుతుంటే సుగుణ కుర్చీలో కూడా కూర్చోలేక నిలబడే ఉంది. మళ్లీ పరీక్ష చేయడానికి ఇంకొకతన్ని పిలిపించేలోపు మిషనే లేచింది. నెత్తురిచ్చేవాడు దొరికేలోపు దేవదాసు పోయాడు. వాడికి ఇరవై మూడేళ్లు.

పదకొండు దినాలయ్యాక కనకవ్వ మళ్లీ చీపురు పట్టింది. వద్దన్నా వినలేదు. ఎండకు గోడలు కాలుతుంటే ఆమె గొంగడి కప్పుకుని ఊడ్చేది. దుఃఖమనుకున్నారు అందరూ.

డాక్టర్ భూపతి సుగుణను గదిలోకి పిలిచాడు.

“గ్రూపు ముందుగాల తెలిసినా ఆ పిలగాడు బతికేటోడని నేను చెప్పలేను. బతకకపోయేటోడని గూడ చెప్పలేను. నువ్వు మిషన్ సంగతేందో చూడు. ఫారినోళ్లు రాసిన ప్రోగ్రాంల తప్పున్నదని ఒక కాయితం రాసియ్యి. నీ హైదరాబాద్ నౌకరికి నేను మంచి లెటర్ ఇస్త.”

హైదరాబాద్ కంపెనీ ఒకటి సుగుణను అప్పటికే ఇంటర్వ్యూ చేసింది. పాత చోటు నుంచి ఉత్తరం తెమ్మంది, అంతే మిగిలింది. “సరే సార్” అంది సుగుణ. తప్పు ఫారినోళ్లదేనని ఆమె కూడా నమ్మింది.

తప్పు ఎక్కడుందో తెలియడానికి రెండు రోజులు పట్టింది. మిషన్‌కు కరెంటు రాగానే అన్నిటికన్నా ముందు లేచే ప్రోగ్రాం ఒకటుంటుంది. మిగతావాటిని లేపేది అదే, పడిపోయినవాటిని మళ్లీ నిలబెట్టేది అదే. వేరే ఏ ప్రోగ్రామైనా ఒక ఫైలు తెరిచి మూయడం మరిచిపోతే, దాని పని ముగియగానే ఆ ఫైలు దానంతటదే మూతపడుతుంది. ఈ మొదటిదానికి పని ముగియడమంటూ లేదు. మిషన్ ఆగేదాకా అది మెలకువగానే ఉంటుంది. తెరిచి మరిచినవన్నీ తెరిచే ఉండిపోతాయి. అవి రెండువందల యాభై ఆరు అయ్యాక ఇంకొక్కటి తెరవడం కూడా దాని వల్ల కాదు. టెర్మినళ్లను లేపడమూ కాదు.

అక్కడిదాకా సుగుణకు అర్థమైంది. ఏ వరుసలో మరిచిపోతున్నదో మాత్రం దొరకలేదు. ప్రోగ్రామంతా కాగితాల మీద అచ్చువేసి మూడు వారాలు చదివింది. కళ్లు మండిపోయాయి.

“కనకవ్వకు చూపియ్యరాదు?” అన్నాడు యాదగిరి, చాయ్ గ్లాసు ఆమె బల్ల మీద పెడుతూ. “మూయనిదే గద నువ్వు దేవులాడేది.”

సుగుణ అడగకముందే యాదగిరి వెళ్లి కనకవ్వకు చెప్పాడు. పగటి భోజనాలయ్యాక కనకవ్వ తనే వచ్చి గడప దగ్గర కూర్చుంది.

“సదువు బిడ్డా. నాకు సదువు రాదు గని తెరిచున్నది ఏదైనా తగుల్తది.”

సుగుణ చదివింది. ఇంగ్లీషు ముక్కలూ, బ్రాకెట్లూ, గుర్తులూ, ఒక్కటీ వదలకుండా మెల్లగా చదివింది. కనకవ్వ అరచేతులు ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని కళ్లు మూసుకుంది. పది కాగితాలు అయ్యాయి. ఫారినోళ్లు రాసిన వరుసలు ఒకదాని వెంట ఒకటి పోతున్నాయి. ఆమె చేతులు కదలలేదు. పదకొండో కాగితం సగానికి వచ్చేసరికి ఆమె వేళ్లు ముడుచుకున్నాయి. గొంగడి గొంతుదాకా లాక్కుంది.

“గీడ. ఆగు. మల్లొకసారి సదువు.”

సుగుణ ఆ వరుసలను చూసింది. ఆరు వరుసలు. అవి ఫారినోళ్లవి కావు. టెర్మినళ్లు ఎన్నిసార్లు పడి లేస్తున్నాయో తెలుసుకుందామని కిందటేడు దసరా సెలవుల్లో ఆమె ఆ ప్రోగ్రాంలోకి రాసి చేర్చినవి. ఫైలు తెరువు. టెర్మినల్ పలికితే దాని పేరు రాసి, ఫైలు మూయి. పలకకపోతే వెనక్కి పో. అంతే రాసింది. కరెంటు లేక టెర్మినల్ పలకని ప్రతిసారీ మిషన్ ఫైలు తెరిచి, మూయకుండా వెనక్కి పోయింది.

ఆమె రెండోసారి చదివింది. కనకవ్వ పళ్లు టకటకమన్నాయి.

“దొరికింది” అంది సుగుణ.

“ఎవలు రాసిన్రు బిడ్డా గిది?”

సుగుణ కాగితం మడిచింది. “ఎవరో. పై దేశపోళ్లు.”

కనకవ్వ తలూపి, గోడ పట్టుకుని లేచి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే సుగుణ ఒక్క వరుస చేర్చింది. వెనక్కి పోయే ముందు ఫైలు మూయి. వారం గడిచింది, పదిహేను రోజులు గడిచాయి. కరెంటు ఎన్నిసార్లు పోయి వచ్చినా టెర్మినళ్లు వెలుగుతూనే ఉన్నాయి. ఆమె డాక్టర్‌కు కాగితం రాసిచ్చింది, ఆయన అడిగినట్లే. ఆయన ఉత్తరం ఇచ్చాడు. హైదరాబాద్ వాళ్లు వచ్చే సోమవారం రమ్మన్నారు.

కనకవ్వ మాత్రం నానాటికీ పాడైపోయింది. నిద్ర లేక కళ్లు లోపలికి పోయాయి. ఊడుస్తూ ఊడుస్తూ చీపురు వదిలేసి ఎండలోకి పోయి కూర్చునేది. “ఇంట్ల గాదు, గీడనే” అనేది. “ఈ గాలి ఏడికెల్లి వస్తున్నదో దొర్కుతలేదు.” యాదగిరి ఆమె వెంట గదిగదికీ తిరిగి ప్రతి కిటికీ, ప్రతి సీసా చూశాడు. అన్నీ మూసే ఉన్నాయి.

శనివారం పొద్దున అతను సుగుణ గదిలోకి తొంగిచూశాడు.

“నువ్వేమన్న తెరిచి పెట్టినవా సుగుణమ్మా? నువ్వు ఇంటికి పోంగనే అవ్వ జర మంచిగుంటుంది. నువ్వు రాంగనే వణుకుడు వెడ్తది. ఏమన్నుంటే మూసెయ్యరాదు?”

బీరువా తలుపు గురించి చెప్పినట్లే చెప్పి, అతను మందుల గదికి వెళ్లిపోయాడు.

సుగుణ లేచి వరండాలోకి వచ్చింది. కనకవ్వ బెంచీ మీద ముడుచుకుని కూర్చుని ఉంది. సుగుణ దగ్గరికి వస్తున్నకొద్దీ ఆమె భుజాలు అదిరాయి. సుగుణ బెంచీ మీద కూర్చోలేదు. ఆమె ముందు నేల మీద కూర్చుంది.

“అవ్వా, ఆ వరుసలు పై దేశపోళ్లు రాయలే. నేను రాసిన. మూసుడు మర్చిన. అందుకే ఆ దినం మిషన్ ఆగింది.”

కనకవ్వ ఆమెనే చూసింది.

“మల్ల లేచేటాల్లకు ఎంతసేపైంది?”

“నలభై నిమిషాలు.”

“ఆ నలభై నిమిషాలు వాడు నాతోని మాట్లాడిండు” అంది కనకవ్వ. “నీళ్లడిగిండు. ఆపరేషన్ ఉంటది, ఇయ్యొద్దన్నరు. ఇయ్యలే.”

చీటీల కౌంటర్ దగ్గర ఎవరో పేరు పిలుస్తున్నారు. కనకవ్వ వణుకు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. ఆమె ఒకసారి అరచేతులు చాపి చూసుకుంది. గొంగడి తీసి తల కింద పెట్టుకుని, బెంచీ మీదే కాళ్లు ముడిచి పడుకుంది. నిమిషంలో నిద్రపోయింది.

సుగుణ అక్కణ్నుంచి లేవలేదు. చెప్పులు టపటపలాడించుకుంటూ వచ్చేవాళ్లను చేత్తోనే ఆపింది. యాదగిరి బయటికి వచ్చి చూసి, కౌంటర్ మనిషితో పేర్లు మెల్లగా పిలవమన్నాడు. నాలుగు గంటలప్పుడు కనకవ్వ లేచింది. మొహం కడుక్కుని వచ్చి సుగుణ ముందు నిలబడింది.

“రెండు నెలల సంది కన్ను మూయలే. ఇయ్యాల నిద్రొచ్చింది” అంది. “అది నువ్వు చెప్పినందుకే. ఆ ముచ్చట వేరు. గని నువ్వు ఇగ నాకు ఎదురు రాకు బిడ్డా. నిన్ను చూస్తె వానికి నీళ్లియ్యనిది యాదికొస్తది.”

“సరే అవ్వా” అంది సుగుణ.

ఆమె డాక్టర్ గదికి వెళ్లి, తను రాసిచ్చిన కాగితం అబద్ధమని చెప్పింది. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. “ఎవ్వరడిగిన్రు నిన్ను?” అన్నాడు. ఆమె ఆయన రాసిన ఉత్తరం ఆయన ముందే పెట్టి వచ్చేసింది. సోమవారం ఆమె హైదరాబాద్ బస్సెక్కలేదు, నర్సింగ్ హోమ్‌కూ పోలేదు. ఆ నెలాఖరుకు నర్సింగ్ హోమ్‌లో మళ్లీ రిజిస్టర్లు వచ్చాయి. టెర్మినళ్లను గుడ్డలు కప్పి అటక మీద పెట్టారు.

సుగుణ బట్టల దుకాణం మీది గదిలో రెండు పాత కంప్యూటర్లు పెట్టి ఆడపిల్లలకు నేర్పడం మొదలుపెట్టింది. దుకాణం నుంచి ఇంటికి పోయే దగ్గర దారి కనకవ్వ ఉండే వాడలోంచే పోతుంది. సుగుణ ఆ దారి వదిలేసింది. బస్టాండు మీదుగా తిరిగి, దుమ్ములో, లారీల పక్కన, ఇరవై నిమిషాలు ఎక్కువ నడిచి ఇల్లు చేరేది. వానకాలం వచ్చింది, పోయింది. ఎప్పుడైనా యాదగిరి కనబడితే, కనకవ్వ బాగానే ఉందని, ఎవరింటికో స్లాబు చూడ్డానికి పోయిందని చెప్పేవాడు. సుగుణ విని తలూపేది.

హన్మంతు ఒకరోజు అడిగాడు. “దగ్గర తొవ్వ ఉండంగ గంత తిరిగెందుకు పోతున్నవ్ బిడ్డా?”

“ఆమె ఎదురు రావద్దన్నది బాపూ.”

“ఎన్నాళ్లు?”

“ఎన్నాళ్లని చెప్పలే.”

హన్మంతుకు మోకాళ్ల నొప్పులు. బజారు నుంచి ఇంటికి రెండుసార్లు కూర్చుంటేగానీ చేరలేడు. మరునాడు సాయంత్రం దుకాణం కట్టేసి, తాళాలు జేబులో వేసుకుని, మెట్ల కింద నిలబడి కూతురు దిగేదాకా చూశాడు. ఆమె దిగి బస్టాండు వైపు తిరిగితే తనూ ఆమె పక్కన బస్టాండు వైపే నడిచాడు.