అడ్డం బిడ్డ, నిలువు బొమ్మ

ఆ టాకీసులో మ్యాట్నీకి ఆపరేటరమ్మ చేసే పని రోజూ ఒకటే. ప్రకటనలు వట్టి లెన్సుతో వేస్తుంది. అవి అవగానే లెన్సు మూతికి అడాప్టరు తొడుగుతుంది. వెడల్పు బొమ్మను పక్కల నుంచి నొక్కి ఫిల్ము మీద ఇరికించి పెడతారు కదా, దాన్ని మళ్లీ పక్కలకు సాగదీసేది ఈ అడాప్టరే. దాని అంచు మీద ఒక గీత ఉంటుంది. ఆ గీత సరిగ్గా పైకి వచ్చేదాకా తిప్పి, మర బిగించాలి. గీత వాలితే బొమ్మ వాలుతుంది. బొమ్మ వాలితే హాల్లో కూర్చున్నవాళ్లూ వాలతారు. అక్కడ బొమ్మ తీరే చూసేవాళ్ల తీరు. ఒకసారి అడాప్టరు తొడగడం మరిచిపోతే, జనమంతా చీపురుపుల్లల్లా బయటికొచ్చారు. అందుకే పక్కనున్న దర్జీ, ఆట వదలగానే వచ్చినవాళ్లకు కొలతలు తీయడు, ఓ చుట్టు నడిచి రమ్మంటాడు.

ఒక రోజు ఆటకు ఆమె చెల్లెలు మంత్రసాని భుజం పట్టుకుని వచ్చింది. నిండు చూలాలు. కడుపులో బిడ్డ అడ్డంగా ఉంది, మంత్రసాని ఎంత సవరించినా తిరగలేదు. రేపు పొద్దున కోయక తప్పదన్నాడు డాక్టరు. ఈమె గుండె దానికి తట్టుకుంటుందా అని అడిగితే మాత్రం మాట ఇవ్వలేనన్నాడు. ఇంట్లో అందరూ మొహాలు వేలాడేసుకుని కూర్చుంటే భరించలేక చెల్లెలు సినిమాకు బయల్దేరింది.

"నీ ఏడుపు మొహం చూడ్డానికి రాలేదే అక్కా, బొమ్మ చూడ్డానికొచ్చా," అంది.

ప్రకటనలు అయిపోయాయి. ఆపరేటరమ్మ చేతులు మర మీద ఉన్నాయి, కళ్లు మిషను గది గోడ కిటికీలోంచి చెల్లెలి మీద ఉన్నాయి. గీత చూడకుండానే బిగించేసింది. పైన ఉండాల్సిన గీత పక్కకు పోయింది. బొమ్మ పక్కలకు కాక పైకి సాగింది. హాల్లో జనం వెదుళ్లలా లేచారు. వెనక వరుస తాతగారు ముందువాళ్లను కాస్త తలలు వంచమన్నారు.

ఓనరు మెట్లెక్కి, గుమ్మంలో నడుము వంచి లోపలికొచ్చాడు. తన కుర్చీలు ఈ పొడుగుకు ఆగవనీ, త్వరగా తిప్పమనీ మొత్తుకున్నాడు. ఆమె గాభరాగా మర మీద చెయ్యి వేసింది.

"ఆపరేటరమ్మా, చెయ్యి తియ్యి," అని హాల్లోంచి మంత్రసాని గొంతు వినిపించింది. "పక్కల చోటు చాలక పిల్ల కదులుతోంది."

చెల్లెలి కడుపు సొరకాయలా సాగి ఉంది. మంత్రసాని పొడుగాటి చేతులు దాని మీద ఆని ఉన్నాయి. ఓనరు కిటికీలోంచి చూసి మెట్టు మీద కూలబడ్డాడు. ఈల వేయబోయినవాళ్లు నోట్లోంచి వేళ్లు తీసేశారు. తెర మీద సన్నటి మనుషులు పాడుకుంటున్నారు, వాళ్లను పట్టించుకున్నవాళ్లు లేరు. చెల్లెలు ఒకసారి గట్టిగా మూలిగింది. ఆపరేటరమ్మ చేతులు రెండూ చంకల్లో దాచుకుంది, పొరపాటున మరను తాకుతాయేమోనని.

"తల కిందికి దిగింది. కుదురుకుంది. ఇక నీ బొమ్మ తిప్పుకో తల్లీ."

తిప్పింది. ఈసారి గీత పైకి వచ్చిందో లేదో రెండుసార్లు చూసి మర బిగించింది.

మర్నాడు ఆడపిల్ల, తల ముందుగా, తీరుగా పుట్టింది. డాక్టరు కత్తుల పెట్టె తెరవకుండానే టీ తాగి వెళ్లాడు. పిల్ల కాస్త పొడుగేనని చూడవచ్చినవాళ్లు అన్నారు.

"ఉంటే ఉండనీ," అని చెల్లెలు అటు తిరిగి హాయిగా నిద్రపోయింది.