పదకొండు గంపల దరిద్రం

పెంగ్ గాన్‌కి అన్ని విద్యలూ వచ్చు, నోరు మూసుకోవడం ఒక్కటే రాదు. మూడొంపుల పల్లెలో ఈ సంగతి పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. ఇరవై ఏళ్ళుగా మా ఏటి కరకట్టకి అతనే కాపరి. ఏటా కొండల మీద మంచు కరిగి, పీచ్ పూలు రాలే రోజుల్లో ఏరు పొంగుతుంది. దానికి ముందు నెల రోజులూ పెంగ్ గాన్ కట్టెక్కి, నడుం మీద చేతులు పెట్టుకుని, మట్టి ఇటు పోయండి, మట్టి గట్టిపడేలా దిమ్మిస అటు కొట్టండి అని అరుస్తూనే ఉంటాడు. కట్ట నిలబడితే తన అరుపుల వల్లే నిలబడిందంటాడు. ఊట కారితే జనానికి చెవుడంటాడు.

కట్ట మొదట్లో ఒక రాయి ఉంది. ఆ కట్ట వేయించిన పాతకాలపు పెద్దమనిషి పేరు దాని మీద చెక్కి ఉంది. కింద జానెడు జాగా ఖాళీ. ఆ జాగాని పెంగ్ గాన్ వచ్చేపోయే వాళ్ళందరికీ చూపించేవాడు. "ఇదిగో, నా పేరు పడేది ఇక్కడే," అనేవాడు. రోజూ పొద్దున్నే వెళ్ళి అక్కడ దుమ్ము తుడిచేవాడు కూడా. నవ్వకండి, మనిషన్నాక ఏదో ఒక ఆశ ఉండాలి కదా.

ఇక మా దొర సంగతి. ఆయనకి పండితుల పిచ్చి. చూ దేశంలో ఏ పండితుడు దారి తప్పి ఇటు వచ్చినా పిలిచి పెద్దపీట వేస్తాడు. మొదట మర్యాదల పండితుడు వచ్చాడు. ఎవరి ముందు ఎంత వంగాలో, ఎన్ని అడుగులు వెనక్కి వెయ్యాలో నేర్పాడు. ఆ ఏడు కట్ట మీద చిన్నవాడు పెద్దవాడికి మట్టిగంప అందించాలంటే మూడుసార్లు వంగాలి, పెద్దవాడు వద్దు వద్దని రెండుసార్లు మొహమాటపడాలి. వరద వచ్చేసరికి సగం మట్టి గంపల్లోనే ఉంది. తర్వాత పొదుపు పండితుడు వచ్చి పాటలూ డప్పులూ దండగన్నాడు. దిమ్మిస పాట ఆగింది, తాళం తప్పింది, ముగ్గురి కాలివేళ్ళు నలిగాయి. ఆ తర్వాత వచ్చినాయన చట్టాల పండితుడు. కట్టని ఇంటింటికీ ముక్కలుగా పంచి, ఎవడి వంతులో ఊట కారితే వాడి ముక్కు కోయిస్తానన్నాడు. ఎవడి వంతు వాడు రాయిలా చేసుకున్నాడు. వంతుకీ వంతుకీ మధ్య అతుకు మాత్రం ఎవడిదీ కాదు, నీళ్ళు సరిగ్గా అక్కడే దూరాయి.

పోయిన చలికాలం అతుకుల అంగీ వేసుకున్న ముసలాయన ఒకాయన వచ్చాడు. నీళ్ళకి ఎవరూ దారి చెప్పరు, అయినా అవి పల్లం చేరతాయి, పైవాడు ఎంత తక్కువ వేలు పెడితే కిందివాళ్ళు అంత బాగా బతుకుతారు అన్నాడట. ఇంకా చెప్పమంటే చెప్పడానికేం లేదన్నాడు. గిన్నెడు గంజి తాగి పడుకుని, తెల్లారేసరికి ఎటో వెళ్ళిపోయాడు. దొరకి ఆ మాట తెగ నచ్చేసింది. నచ్చి ఊరుకుంటే బాగుండేది. వేలు పెట్టకూడదన్న మాటని అమలు చెయ్యడానికి ఆయన పదివేళ్ళూ పెట్టాడు. ఇకమీదట ఊరిపని అన్నది ఏదీ జరగకూడదనీ, పని చేయించినవాడికి పాదం నరికేస్తారనీ దండోరా వేయించాడు. ఎవరూ ఏమీ చెయ్యడంలేదని చూసుకోవడానికి ఒక సర్కారీ కచేరీ పెట్టి, ముప్ఫైమంది గుమాస్తాలని వేశాడు. పాపం, వాళ్ళకి తిండి తినే తీరిక కూడా లేకుండా పోయింది.

ఆ కచేరీ నుంచి మా ఊరికి వచ్చినాయన పేరు యాన్ చెంగ్. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ నిద్ర చాలనట్టుండే మనిషి. మర్యాదల పండితుడి దగ్గరా, పొదుపు పండితుడి దగ్గరా, చట్టాలాయన దగ్గరా వరసగా కొలువు చేశాడు. పండితుడు మారినప్పుడల్లా టోపీ మార్చుకోవలసి వచ్చిందట. బండి దిగీ దిగగానే పారలూ దిమ్మిసలూ ఉన్న కొట్టు తలుపుకి తాడు కట్టించి, ముడి మీద తడిమట్టి ముద్ద పెట్టి, దొరగారి ముద్ర గుద్దాడు. ఆ మట్టి ముద్ర పగిలితే తలలు లేస్తాయి.

పెంగ్ గాన్ గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే మూడో వంపు దగ్గర ముప్ఫై బారల మేర కట్ట మోకాలి లోతు దిగిపోయింది. ఏటివైపు అంచునైతే చీమలు తొలిచేశాయి. పొంగు రావడానికి ఇంక పన్నెండు రోజులే ఉంది. అక్కడ గండి పడిందంటే నలభై ఇళ్ళూ, నాట్లకి పోసిన నారూ ఏటిపాలే. ఇదంతా అతను యాన్ చెంగ్‌కి చెప్పుకున్నాడు, బతిమాలాడు, కట్ట దిగిపోయిన చోటు చూపించాడు. ఆయన శ్రద్ధగా చూశాడు కూడా.

"పొంగడం ఏటి స్వభావం. దాని జోలికి మనం పోకూడదు," అన్నాడు యాన్ చెంగ్. "నువ్వు రోజూ వచ్చి నా పక్కన చాప మీద కూర్చో. కట్టకాపరే ఖాళీగా కూర్చుంటే, చూసి ఊరంతా నేర్చుకుంటుంది."

ఆ సాయంత్రం పెంగ్ గాన్ ఇంటికొచ్చి పెళ్ళాం ముందు కూలబడ్డాడు. ఆమె పేరు నింగ్. మాట తక్కువ మనిషి. ఇంట్లో మాటలకి చోటంతా మొగుడే ఆక్రమించుకున్నాడని అనేవాళ్ళు. పండగలకి డప్పు కొట్టేది మాత్రం ఆమే. కట్ట దిగిపోయిందనీ, యాన్ చెంగ్ పని వద్దన్నాడనీ అతను చెప్పింది చేపకి పొలుసు తీస్తూ విని, పని చెయ్యొద్దన్నారు గానీ పండగ చేసుకోవద్దనలేదు కదా అంది. మూడో నెలలో, పంచాంగంలో పాము పేరున్న మొదటి రోజున ఊరంతా ఏటికి పోయి, పాత ఏడాది పీడ వదలాలని స్నానాలు చేసి, చేతుల్లో పూలు పట్టుకుని ఆడతారు. అది ఇంకా ఎనిమిది రోజులే ఉంది. ఈసారి ఇసకలో కాకుండా మూడో వంపు దగ్గర కట్ట మీద ఆడదాం అంది నింగ్. ఎవరి దరిద్రాన్ని వాళ్ళు పెరటి మట్టితో గంపకెత్తి తెచ్చి, అక్కడ పోసి, కాళ్ళతో తొక్కితే సరి అంది.

పెంగ్ గాన్ ఎగిరి గంతేశాడు. ఎవరెక్కడ పొయ్యాలో తను చెబుతానన్నాడు.

"నువ్వు చెప్పకూడదయ్యా," అంది నింగ్. "నువ్వు అరిచావంటే అది పనైపోతుంది. నీ పాదమూ పోతుంది, కట్టా పోతుంది. ఆ రోజు నువ్వు నోరు విప్పావా, నేను డప్పు కింద పడేసి మా పుట్టింటికి పోతా."

రేవులో బట్టలుతికే చోట నింగ్ ఒక్క మాట వదిలింది. మధ్యాహ్నానికి అది ఆచారమైపోయింది. సాయంత్రానికి, మా అమ్మమ్మ కూడా ఇలాగే తొక్కేదని చెప్పే ముసలమ్మలు ముగ్గురు తేలారు. కట్ట పేరు మాత్రం ఒక్కరూ ఎత్తలేదు. కొందరికి విషయం తెలిసే ఉంటుంది, కొందరికి నిజంగానే దరిద్రం వదిలించుకోవాలని ఉంది. ఎవరు ఏ రకమో నాకు ఇప్పటికీ తెలీదు.

పండగనాడు పొద్దున్నే పెంగ్ గాన్ నోట్లో రేగుగింజ ఒకటి పెట్టుకుని, యాన్ చెంగ్ పక్కన చాప మీద కూర్చున్నాడు. నాలుక్కి ఏదో ఒక పని కావాలి కదా. జనం తడిజుట్టుతో గంపలు మోసుకుంటూ వస్తున్నారు. ఇదేమిటని యాన్ చెంగ్ అడిగితే, పాత ఏడాది దరిద్రమండీ అన్నారు. గంపలు పెరిగేకొద్దీ జనానికి పంతం పట్టుకుంది. నాకు ఎక్కువ కష్టాలంటే నాకు ఎక్కువని పోటీ. ఒకడు చచ్చిన ఎద్దు కోసం నాలుగు గంపలు పోశాడు. వాడి బావమరిది, బతికే ఉన్న అత్తగారి కోసం ఏడు పోశాడు. ఆ అత్తగారు అది విని, అల్లుడి పేర తొమ్మిది మోయించింది. నింగ్ డప్పు మొదలుపెట్టింది. ఊరంతా చేతులు పట్టుకుని మట్టి మీద ధన ధన తొక్కడం మొదలెట్టారు.

యాన్ చెంగ్ చాలాసేపు చూశాడు. ఇది పనిలా ఉందేమిటని గొణిగాడు. అప్పుడే పూలు పట్టుకుని అటు వచ్చిన ముసలమ్మ, తమరికి కష్టాలేం లేవా నాయనా అని అడిగింది. ఆయన ముందు ఏమీ లేవన్నాడు. కాసేపాగి, మూడు కొలువులు పోయాయన్నాడు. ఇంకాసేపాగి, పెళ్ళాం పుట్టింటికి పోయి రెండేళ్ళయిందన్నాడు. పెద్ద కచేరీలో తన గొడుగు ఎవడో కొట్టేసిన సంగతి చెప్పేసరికి కళ్ళు చెమర్చాయి. లేచి, ఎవరిదో గంప అందుకున్నాడు. మొత్తం పదకొండు గంపలు మోశాడు. నేను కళ్ళారా చూశాను.

చాప మీద పెంగ్ గాన్ ఒక్కడే మిగిలాడు. అతనికి ప్రాణం పోతోంది. జనం అంతా ఊరివైపు అంచునే తొక్కుతున్నారు. చీమలు తొలిచిన ఏటివైపు అంచున ఒక్క పాదం పడడం లేదు. అక్కడ మట్టి ఉత్త పొడిగా, గుల్లగా ఉంది. ఇరవై ఏళ్ళలో ఇలాంటిది చూసి అరవకుండా ఊరుకున్నవాడు కాదు. నోరు తెరిచాడు. రేగుగింజ నాలుక కొసదాకా వచ్చింది. గంప నెత్తిన పెట్టుకున్న యాన్ చెంగ్ సరిగ్గా అప్పుడే ఇటు తిరిగి చూశాడు. పెంగ్ గాన్ గింజని మళ్ళీ బుగ్గలోకి తోసుకుని, రెండు చేతులతో చాప అంచులు పట్టుకుని కూర్చున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మనిషి కళ్ళముందే ఇల్లు కూలిపోతుంటే చూస్తూ కూర్చోవడం ఎంత కష్టమో ఆ రోజు అతనికి తెలిసింది.

అంతలో నింగ్ డప్పు కొడుతూనే లేచింది. మెల్లిగా నడుచుకుంటూ ఏటివైపు అంచున ఉన్న విల్లో చెట్టు దగ్గరికి వెళ్ళి నిలబడింది. డప్పు ఎటు పోతే పాదాలు అటు పోయాయి. పొద్దు వాలేదాకా ఊరంతా ఆ అంచునే తొక్కింది. ఏం బుర్ర దీనిది అనుకున్నాడు పెంగ్ గాన్. మొదటిసారి తన పెళ్ళాన్ని కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

పండగైన నాలుగో రోజు తెల్లవారుతూనే ఏరు వచ్చింది. ఎర్రగా, చెట్లు దొర్లించుకుంటూ, మూడో వంపు దగ్గర కట్టని ఢీకొట్టింది. కట్ట పైఅంచుకి జానెడు కిందదాకా లేచింది. ఊరంతా కట్ట కింద చేరి ఊట కోసం వెతికింది. ఒక్క చుక్క ఊట రాలేదు. మధ్యాహ్నానికి వరద తీసింది.

యాన్ చెంగ్ వెళ్ళిపోయే ముందు పెంగ్ గాన్‌ని రాయి దగ్గరికి పిలిచాడు. చేతిలో వెదురు పలక ఉంది, కుంచె ఉంది. చెప్పులకి మట్టి ఇంకా అట్టకట్టే ఉంది. ఆయన ఆ చెప్పుల వంక చూసుకుని, రాతి మీద ఖాళీ జాగా వంక చూశాడు.

"ఇది చేయించిందెవరు?" అని మెల్లిగా అడిగాడు. "పేరు చెబితే ఇక్కడ చెక్కిస్తా."

పేరు కోసమే అడిగాడో, పాదం కోసం అడిగాడో ఆ మొహం చూస్తే తెలిసేది కాదు. పెంగ్ గాన్ ఆ జాగా వంక చూశాడు. ఇరవై ఏళ్ళ దుమ్ము తన చేత్తో తుడిచిన జాగా. కొంచెం దూరంలో నింగ్ బట్టలు ఆరేస్తోంది, వింటోంది.

"ఎవరూ చేయించలేదండీ," అన్నాడు పెంగ్ గాన్. "జనం ఆడుకున్నారు."

యాన్ చెంగ్, ఈ ఊళ్ళో ఏమీ జరగలేదు అని పలక మీద రాసుకుని బండెక్కాడు. పోతూ పోతూ, పెళ్ళాం నుంచి కబురొచ్చిందని ముసలమ్మతో చెప్పి మరీ పోయాడు.

ఊరు ఊరుకుంటుందా? పెంగ్ గాన్ సారాయి కొట్టు ముందు నుంచి వెళ్తుంటే, ఇరవై ఏళ్ళు వీడు అరిస్తే ఏటా ఊట కారింది, వీడు నోరు మూసుకున్న ఏడే కట్ట గట్టిగా నిలబడిందని నవ్వారు. పెంగ్ గాన్ ఆ మాట కూడా మింగేశాడు. మొహం మాత్రం కందగడ్డలా అయింది.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాడు. నింగ్ చేపముక్క పెద్దది అతని గిన్నెలో వేసింది.

"నీ పేరు చెప్పాలనిపించిందే," అన్నాడు. "నా పేరు కాదు, నీది. ఆ డప్పు ఏటివైపు అంచుకి జరిపావు చూడు, అక్కడ నిలబడింది మన ఊరు. నేను చాప మీద ఏడుస్తూ కూర్చున్నాను, నువ్వు ఒక్క మాట లేకుండా చేసేశావు. ఆ అంచు గుల్లగా ఉందని నీకెలా తెలిసింది?"

నింగ్ అతని వంక వింతగా చూసింది.

"ఏ అంచు?" అంది. "ఎండ మొహాన కొడుతోందని చెట్టు నీడకి పోయానంతే."

పెంగ్ గాన్ నోరు తెరిచాడు. మళ్ళీ మూసుకున్నాడు. చేపముక్క తీసి సగం ఆమె గిన్నెలో పెట్టాడు.