రెండు కోర్సులూ ఒక మేనత్తా

అడగనివాళ్ళంతా ఎగబడి సలహాలు చెప్పారు. అడిగిన మనిషి మాత్రం బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంది. ఆవిడ పరాయిదా అంటే కాదు, సొంత మేనత్త! పిల్లల వార్డుకు పెద్ద సిస్టర్. ఇంట్లో అందరూ చిట్టి అని పిలిచే ఈ మేనకోడలు అదే వార్డులో నర్సు.

చిట్టికి వచ్చిన చిక్కేమిటంటే, పైచదువుకు రెండు దారులున్నాయి. అడ్మినిస్ట్రేషన్ కోర్సయితే ఇక్కడే ఉద్యోగం చేసుకుంటూ చదవొచ్చు, చివరికి ఓ కుర్చీ దక్కుతుంది. ప్రాక్టీషనర్ కోర్సయితే ఉద్యోగం వదిలి వేరే ఊరు పోవాలి, కానీ రేపు రోగిని తానే పరీక్షించి తానే మందు రాయొచ్చు. చిట్టి ఆశంతా దానిమీదే, భయమూ దానిమీదే. ఒకదాంట్లో చేరాక రెండోదానికి మారాలంటే కథ మళ్ళీ మొదటికే. దరఖాస్తుకు ఈ సాయంత్రమే గడువు.

"అత్తా, ఏది తీసుకోమంటావ్?" అని ఎన్నిసార్లడిగినా "నీ ఇష్టం తల్లీ" అనడమే. పుల్ల విరిచినట్టు మాట్లాడే మనిషికి ఇంత మెత్తదనం ఎక్కణ్ణించి ఊడిపడిందట? పైగా నిన్న క్యాంటీన్లో, సీట్లు చూసే నర్సింగ్ కాలేజీ మేడంతో గుసగుసలు! చిట్టి కనబడగానే ఇద్దరూ టీకప్పుల్లోకి తలలు దించేశారు. నిప్పు లేనిదే పొగ రాదుగా. కుళ్ళు, ఇంకేముంది! తను ఎక్కలేని మెట్టు మేనకోడలు ఎక్కేస్తుందని కుళ్ళు. సీటుకు గండి కొట్టే ఉంటుందని చిట్టి తీర్మానించేసుకుంది.

మధ్యాహ్నం ఓ పసివాడికి ఇంజెక్షన్ ఇవ్వాల్సి వచ్చింది. ఆ వార్డులో ఒక పద్ధతి. బరువును బట్టి ఇద్దరు నర్సులు విడివిడిగా డోసు లెక్క కట్టాలి. రెండోవాళ్ళు తేల్చేదాకా మొదటివాళ్ళు తమ అంకె చెప్పకూడదు. చెబితే రెండో బుర్ర కూడా ఆ అంకె వెంటే పోతుంది. అత్త తన లెక్క ముగించి, పెదవులు బిగించి పక్కకు తిరిగి నిలబడింది. కోర్సు సంగతి అడిగినప్పుడు కూడా అచ్చం ఇలాగే నిలబడుతుంది. చిట్టికి చిర్రెత్తుకొచ్చింది.

లెక్కలు కలిశాయి, మందు ఇచ్చారు. వరండాలోకి రాగానే చిట్టి పేలింది.

"ఆ మేడంతో ఏం మాట్లాడావ్? నా సీటు పోగొట్టడానికేగా?"

"నీ మొహం! ప్రాక్టీషనర్ కోర్సు ఇక్కడే ఉండి చదవొచ్చా అని అడిగా. కుదరదంది."

"ఆ ముక్క నాకెందుకు చెప్పలేదు?"

"నోరు తెరిస్తే అడ్మినిస్ట్రేషనే తీసుకోమంటానే! నీకు మంచిదని కాదు, నువ్వు పోతే నేనుండలేనని. నాది తప్పు లెక్కని నాకు తెలుసు. నీ చెవిన పడితే నీదీ చెడుతుందని నోరు కట్టేసుకున్నా."

చిట్టి నాలుక్కరుచుకుంది. ఎంతెంత మాటలనుకుంది ఈ మనిషిని!

"ఇంతకీ ఏం తేల్చావ్?" అంది అత్త, అటు తిరిగే.

"వెళ్తానత్తా."

అత్త కళ్ళు నిండిపోయాయి. చిట్టి భుజం పట్టుకుని మెట్లవైపు ఒక్క నెట్టు నెట్టింది.

"అయితే పోవే, ఆఫీసు మూసేస్తారు. ఉండమని నేను అనేలోపే పో!"