బేసు తాకిన బ్యాట్

నేను ఒక అల్యూమినియం బేస్‌బాల్ బ్యాట్‌ని. మీరట్‌లో ఒక రేకుల షెడ్డులో నన్ను గొట్టంగా లాగి, ఒక కొన సన్నగా నొక్కి, నీలం రంగు పూశారు. లోపలంతా బోలు. మనుషుల్లో చాలామందిదీ అదే తయారీ అని తర్వాత తెలిసింది.

నంద్యాల వైపు ఒక డిగ్రీ కాలేజీ ఆటల గదికి చేరి, రెండేళ్లు తలుపు గడియకు బదులు పనిచేశాను. మా పీడీ, అంటే ఆటలు నేర్పే మద్దిలేటి సార్, బేస్‌బాల్ ఎన్నడూ ఆడలేదు. యూనివర్సిటీ అంతర కళాశాలల టోర్నమెంటుకు జట్టును పంపి తీరాలని ప్రిన్సిపాల్ పట్టుబడితే, పది రోజుల ముందు క్రికెట్ ఆడేవాళ్లను తొమ్మిది మందిని పోగుచేశాడు. వాళ్లలో ఓబులేసు చేతికి నేను దొరికాను.

"రూల్సు ఎట్ల సార్?" అని అడిగాడు వాడు.

"రూల్సేముండాయి లేరా! క్రికెట్టే అనుకో. కొట్టల్ల, ఉరకల్ల. అంతే."

మెడలో విజిల్ వేసుకుని తానూ పీడీ కావాలని ఓబులేసు ఆశ. వాడి మార్కులకు వ్యాయామ కళాశాలలో సీటు రాదు. ఛాంపియన్ జట్టు సర్టిఫికెట్ ఉంటే స్పోర్ట్స్ కోటాలో వస్తుంది. అందుకే నన్ను చొక్కా కొసతో తుడుస్తూ ప్రాణంలా చూసుకున్నాడు. నాకూ వాడంటే ముద్దే, దాచడమెందుకు?

ఈ ఆటలో బంతిని కొట్టగానే బ్యాట్ కింద పడేసి పరిగెత్తాలి. మొదటి రెండు మ్యాచుల్లో వాడు బంతిని ముళ్లకంపల్లోకి కొట్టి, క్రికెట్ అలవాటు కొద్దీ నన్ను పట్టుకునే, నాలుగు మూలల్లో గుర్తుగా పరిచిన బేసులన్నీ చుట్టొచ్చాడు. బంతి అంత దూరం పోయాక ఎవరు పట్టించుకుంటారు? సార్ చప్పట్లు కొట్టాడు.

ఫైనల్లో చివరి ఇన్నింగ్స్. ఒక్క పరుగు వెనకబడ్డాం, అప్పటికే ఇద్దరు ఔట్. మూడో బేసులో మావాడొకడు ఉన్నాడు. ఓబులేసు మొదటి బేసు చేరితే స్కోరు సమం, చేరకపోతే మూడో ఔట్, ఆట అక్కడికి సరి. వాడు కొట్టిన బంతి నేలబారుగా పోయింది. వాడు ఉరికాడు. ఇంకో రెండు గజాలుందనగా ఒళ్లంతా నేలకు వాల్చి, క్రీజులో పెట్టినట్టు నన్ను చాపి బేసు మీద ఆనించాడు. బంతి రాకముందే నేను తాకాను.

"ఔట్!" అన్నాడు అంపైర్.

"బ్యాటు తగిలింది గదా సార్! బంతి ఇంగా రాల్యా!"

"బ్యాట్ కాదబ్బాయ్, నువ్వు తగలాలి."

మైదానమంతా విరగబడి నవ్వింది. దుమ్ములో పడి ఉన్న వాడి దగ్గరికి మద్దిలేటి సార్ వచ్చి, ప్రిన్సిపాల్‌కు వినపడేలా అరిచాడు. "బ్యాటు పారేసి ఉరకమని నెత్తీనోరూ కొట్టుకుని చెప్పినా గదరా, గాడిదా!"

ఒక్కసారి కూడా చెప్పలేదు. నేను అక్కడే ఉన్నాను. ఓబులేసు దుమ్ము దులుపుకుంటూ లేచి, "తప్పయింది సార్" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

సీటు రాలేదు. మద్దిలేటి సార్ మాత్రం ఇప్పుడు జిల్లాలో బేస్‌బాల్ నిపుణుడు. కొత్త జట్లకు శిక్షణ ఇచ్చేటప్పుడు నన్ను పైకెత్తి చూపించి ఆ కథ చెబుతాడు. మొన్న చెబుతున్నప్పుడు ఓబులేసు ఆ మైదానంలోనే సున్నం గీతలు వేస్తున్నాడు, సార్ ఇప్పించిన పని.

"ఏమిరా, నిజమేనా?" అన్నాడు సార్.

"నిజమే సార్. మీరు చెప్పినా నేనే ఇనల్యా."

పిల్లలు పగలబడి నవ్వారు. సార్ నన్ను వాడి చేతికిచ్చి, "యెట్ల పడితివో రోంత చూపియ్" అన్నాడు.

వాడు సున్నం డబ్బా పక్కన పెట్టి, ఉరికి, పడి చూపించాడు.