రెండో సూర్యుడు

మా ఊళ్లో కాఫీ బస్తాల మీద పేర్లు రాయరు. ఎవరింటి గుర్తు వాళ్లది. మాది సూర్యుడు. అమ్మ బొటనవేలిని మసిలో ముంచి గుండ్రంగా అద్ది, చుట్టూ కిరణాలు లాగుతుంది.

2007లో నేను తొమ్మిది చదువుతుండగా పెద్దమ్మ కొడుకు ఉదయ్ అన్నయ్య చింతపల్లి ఇంటర్నెట్ సెంటర్‌లో పనికి చేరాడు.

"పిన్నీ, ఇంటర్నెట్ అడ్రసుకి అచ్చరాలే అక్కర్లేదు. మన గుర్తే పెట్టీవచ్చు" అన్నాడు. సూర్యుడి గుర్తే అడ్రసుగా మా కాఫీకో పేజీ పెట్టాడు కూడా; కొనేవాళ్లు అందులోంచే ఉత్తరం రాయొచ్చు.

"ఇలాటి సూర్యుడు అందులో ఇంకోటి ఉంటాదా అన్నయ్యా?"

"ఆకాశంలో ఎన్నున్నాయే గుంటా? ఇదొక్కటే."

ఆ చలికాలం విశాఖ నుంచి ఒకావిడ వచ్చింది. మా కాఫీ తాగి, ఈ ఏటి పంటంతా తనకే కావాలంది. ఇంటికెళ్లి ఇంటర్నెట్‌లో ఉత్తరం పంపుతానని అడ్రసు అడిగింది. అమ్మ జీవితంలో మొదటిసారి పెన్ను పట్టి తనే గీసిచ్చింది. ఒక సున్న, చుట్టూ గీతలు. చివర 'డాట్ కామ్' నేను చేర్చాను.

రెండు నెలలు గడిచాయి. బస్తాలు ఇంట్లోనే ఉన్నాయి. అడిగినప్పుడల్లా అన్నయ్య "రాలేదే" అనేవాడు. చివరికి నేనే జీపెక్కి వెళ్లాను. అన్నయ్య లేడు. సెంటర్ నడిపే రవిబాబు గారికి జరిగింది చెబితే, మా పేజీ తెరిచి చూపించారు.

"మీ అడ్రసులో ఉన్నది నిండు సూర్యుడు. సగం కంప్యూటర్లలో ఖాళీ డబ్బాలా కనిపిస్తాది. మీ అమ్మ గీసింది బోలుగా ఉందా? అది వేరే గుర్తమ్మా. వేరే అడ్రసు."

అదీ తెరిచారు. మా కల్లం. బస్తా పట్టుకున్న అమ్మ ఫొటో. కింద మా ఊళ్లో కాఫీ కొనే షావుకారు గంగరాజు ఫోన్ నంబరు.

"ఇదెవరు సేసారండి?"

"మీ ఉదయే. నీకు తెలీదా?"

ఇంతలో అన్నయ్య వచ్చాడు. తెరను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఆవిడ రాసిందా?" అన్నాను.

"రాసింది. పిన్నికే అనుకుని రాసింది. గంగరాజు గారు తన సరుకు పంపీసేరు."

"ఒక్కటే అన్నావు కదా."

"నువ్వు పిన్నికి సెప్పకే."

ఇంటికొచ్చి చెప్పాను. అమ్మ నమ్మలేదు. "మనోడు అలా సేత్తాడేటి? నీకు సరిగ్గా తెలీలేదు."

"నీ ఫొటో ఉందమ్మా అందులో."

"ఎర్ర కోకలోదా?"

అవునన్నాను. అమ్మ బస్తా మీద కూర్చుంది.

"ఫొటోకని ఆడే కట్టుకోమన్నాడే" అంది.