జాతి గడిలో ఒక్క మాట

నేను ఒక జనన ధ్రువపత్రాన్ని. నా గొప్పను ఊరంతా చాటింది మా వీధి చివరింటి మునీరా ఖోలా. ఖోలా అంటే ఉజ్బెక్ మాటల్లో పిన్ని. రొట్టెల కొట్టు దగ్గర నిలబడి అందట: “వెనేరాకి పరీక్షా లేదు, పాడూ లేదు! వాళ్ళ నాన్న పుట్టిన కాగితం ఒక్కటి చూపిస్తే చాలు, కొరియావాళ్ళు పీట వేసి కూర్చోబెడతారు. మావాడు చూడండమ్మా, రెండేళ్ళు కళ్ళు పోయేలా ఆ భాష చదివి, పరీక్ష గట్టెక్కి, ఏ ఫ్యాక్టరీవాడు పిలుస్తాడా అని ఇప్పటికీ గడప పట్టుకుని కూర్చున్నాడు.”

ఆ కాగితం నేనే.

పుట్టింది 1961లో, తాష్కెంట్ పక్కన ఉల్లి, వరి పండించే ఒక సమష్టి క్షేత్రంలో. గుమాస్తా పాళీని ఊదా సిరాలో ముంచి, నాలుక కొన పళ్ళ మధ్య పెట్టుకుని రాశాడు. బిడ్డ పేరు గెన్నాది హెగాయ్. తల్లి జాతి ఉజ్బెక్. తండ్రి జాతి కొరియన్. ఆ తండ్రి చిన్నతనంలో రష్యా తూర్పు కొసనున్న కొరియన్లనందరినీ రైళ్ళలో కుక్కి ఇటు తోలేశారు. అందుకేనేమో ఆ గడి నింపుతుంటే ఆయన కిటికీ వైపు చూస్తూ నిలబడ్డాడు.

గెన్నాదికి పదహారేళ్ళు రాగానే, దేశంలోనే గుర్తింపుగా చూపించుకునే పాస్‌పోర్టు ఇస్తూ, అమ్మ జాతి కావాలా నాన్న జాతి కావాలా తేల్చుకోమన్నారు. కొరియన్ అంటే ఎక్కడికెళ్ళినా నాలుగు ప్రశ్నలు ఎక్కువ. కుర్రవాడు ఉజ్బెక్ అని రాయించుకున్నాడు. తర్వాత కూతురు వెనేరా పుడితే ఆమె కాగితంలోనూ తండ్రి ఉజ్బెకే అయ్యాడు. ఆ ఇంటికి కొరియా చుట్టరికం నాలోని ఒక్క మాటలో మిగిలింది. దాన్ని చూసుకుని మురిసినవాడు లేడు. బియ్యం గోనెల వెనక పెట్టెలో పడేశారు.

మనుషులు విసుక్కున్నప్పుడు మా కాగితాలకేమీ కాదు. ప్రేమించడం మొదలుపెట్టాకే ముప్పు. గెన్నాది నడివయసులో ఉండగా బజారులోకి లామినేషన్ యంత్రం వచ్చింది. ఇంటిల్లిపాది కాగితాలనూ సంచిలో వేసుకెళ్ళి, పెళ్ళికి నగలు చేయించినంత సంబరంగా ప్లాస్టిక్ తొడిగించాడు. “ఇంక నీళ్ళు పడ్డా, నూనె పడ్డా బెంగ లేదు” అని నన్ను తన మోకాలికేసి తట్టి నవ్వాడు. తర్వాత కొన్నేళ్ళకు పోయాడు. నాకు మాత్రం ఆ రోజునుంచి గాలి తగల్లేదు.

వెనేరా ఉజ్బెక్ అబ్బాయి ఓదిల్‌ని చేసుకుంది. అతను పరీక్ష రాసి, పిలుపొచ్చి, పని వీసా మీద కొరియాలోని ఆన్సాన్‌లో ఇనుప సామానుకు పూత వేసే ఫ్యాక్టరీకి వెళ్ళాడు. ఆ వీసా కూలివాణ్ణి రానిస్తుంది, వాడి పెళ్ళాం బిడ్డలను రానివ్వదు. మూడేళ్ళయింది. కూతురు మదీనాకు నాలుగేళ్ళు. నాన్న అంటే ఫోనులో ఉండేవాడనే దాని లెక్క. చార్జింగు అయిపోతే నాన్న నిద్రపోయాడంటుంది.

వెనేరా అన్ని దారులూ తొక్కింది. చూసొచ్చే వీసా అడిగితే, తిరిగొస్తావని ఏమిటి నమ్మకమన్నారు. భాష నేర్చుకునే బడి వీసాకు బ్యాంకులో చూపించమన్న సొమ్ము, ఆమె క్యారెట్ పచ్చడి అమ్మి ఈ జన్మలో కూడబెట్టలేదు. చివరికి ఎవరో చెప్పారు: కొరియా సంతతివాళ్ళకు వేరే వీసా ఉంది, నీ అంతట నువ్వే వెళ్ళచ్చు, బిడ్డనూ తీసుకెళ్ళచ్చు. మొగుణ్ణి చేరడానికి మొగుడు పనికిరాలేదు, తాత పనికొచ్చాడు! ఆ రాత్రి నన్ను గుండెలకు హత్తుకుంది.

విదేశంలో చెల్లాలంటే నా మీద అపోస్టిల్ అనే సర్కారు ముద్ర పడాలి. ఆఫీసు కిటికీ వెనకాయన నన్ను గోటితో టకటకలాడించాడు.

“ఇదేంటి, ప్లాస్టిక్కా? దీని మీద ముద్ర పడదు. నకలు తెచ్చుకో.”

నకలు ఇచ్చేచోట, ఆ ఏడాది జననాల పుస్తకం ఎప్పుడో నీళ్ళలో నానిపోయిందన్నారు. వారం రోజులు ఈ కిటికీ నుంచి ఆ కిటికీకి తిప్పారు. సంచిలో నేను, సంచీ పట్టుకుని వెనేరా, ఆమె గౌను అంచు పట్టుకుని మదీనా.

అప్పుడొచ్చింది మునీరా ఖోలా, ఇస్త్రీపెట్టెతో సహా.

“ఏడవకే పిల్లా. పైన గుడ్డ వేసి వేడి పెడితే దానంతటదే ఊడొస్తుంది. మా మరిది లైసెన్సుకి అలాగే చేశాం.”

“పాడైతే ఖోలా?”

“ఇప్పుడు మాత్రం ఏం వెలగబెడుతోంది? మీ నాన్న దీనికి దుప్పటి కప్పాడు, మనం తీస్తున్నాం, అంతే!”

వేడి తగిలింది. ప్లాస్టిక్ మెత్తబడింది. వెనేరా ఊపిరి బిగబట్టి ఒక మూలనుంచి లాగింది. అట్ట చెదరకుండా వచ్చింది, పేరు వచ్చింది, తల్లి జాతి వచ్చింది. తండ్రి జాతి దగ్గర కాగితం పొరలుగా చీలి, ఊదా సిరా ప్లాస్టిక్‌నే అంటుకుని వెళ్ళిపోయింది.

“ఇదేంటే ఇలా అయింది!” అంటూ ఖోలా ఇస్త్రీపెట్టె తీగ చేతికి చుట్టుకుంటూ వెనక్కి జరిగింది. వెనేరా నన్నూ, ఆ ప్లాస్టిక్ పీలికనూ ఒకే కవరులో పెట్టింది.

మర్నాడు మళ్ళీ అదే కిటికీ. ఆయన నా ఖాళీ గడి చూశాడు, పీలికను వెలుతురులో పట్టి చూశాడు, రెండూ ఇవతలికి తోసేశాడు.

వెనేరా తలగుడ్డ వెనక్కి లాగి, మదీనాను ఎత్తి కిటికీకి ఆనించింది. “సార్, కాగితం సంగతి వదిలేయండి. నా మొహం చూడండి. దీని కళ్ళు చూడండి. మేమెవరిమో తెలియట్లేదా మీకు?”

“తెలుస్తోందమ్మా. మొహానికి ముద్ర వెయ్యలేను. జరుగు.”