బోర్డు మీద కొండబస్సు

ప్రజాసేవా కేంద్రం గుమ్మం పక్కన ఒక నల్లబోర్డు. రోజూ పొద్దున ఎనిమిదింటికి సుద్దముక్క వచ్చి నిన్నటిది తుడిచి ఇవాళ్టిది రాస్తుంది. సుద్దముక్క అంటే మనిషే, పందొమ్మిదేళ్ల పిల్ల, అసలు పేరు ఆఫీసు రిజిస్టరుకి తప్ప ఇంకెవరికీ అక్కర్లేదు. హాల్లో రక్తదానం, నీళ్లు పదింటిదాకా రావు, లైబ్రరీలో పాటల పోటీ, ఇలాంటివి. ఉత్తరాన మూలకి విసిరేసినట్టుండే ఆ చిన్న ప్రాంతంలో జనం పళ్లు తోముకుంటూనే వచ్చి చదివిపోతారు, ఎందుకంటే బోర్డు మీద ఏముంటే అదే జరుగుతుంది.

పోయినేడాది కుక్కలకి టీకాలు అని రాయబోయి ‘కా’ మింగేసింది. కుక్కలకి టీలు. ఆ రోజంతా వీధికుక్కలు హాలు ముందు లైన్లో నిలబడి మరీ తాగిపోయాయి. చక్కెర తక్కువైతే ఊరుకోవట్లేదని టీకొట్టాయన గొణిగాడు.

కావాలని తప్పు రాస్తే మాత్రం కుదరదు. బోర్డుకి తెలిసిపోతుంది, అక్షరాలు పొడిపొడిగా రాలిపోతాయి. ఆఫీసుకి సెలవు అని సుద్దముక్క ఓసారి ట్రై చేసింది. చెప్పుల మీద తెల్లపొడి తప్ప ఏం మిగల్లేదు.

శనివారం పెద్దసారు కాగితం చేతిలో పెట్టాడు. కొండబస్సు సోమవారం నుంచి రద్దు. కొత్త రోడ్డు పడ్డాక పైఊళ్లకి ఆ బస్సులో ఎవరూ పోవట్లేదట. సుద్దముక్క ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. ఆ బస్సు కండక్టరు వాళ్లమ్మే. బస్సు పోతే అమ్మని దక్షిణాన డిపోలో పడేస్తారు, పది గంటల ప్రయాణం, నెలకోసారి వస్తే గొప్ప. ఇంట్లో ఉండేదే ఇద్దరు.

బోర్డు ముందు అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు. రద్దు కాదు అని రాసింది. రాలిపోయింది. బస్సు ఎప్పటిలాగే అని రాసింది. అదీ రాలిపోయింది. పెద్దసారు లోపల్నుంచి ఏమైందని మూడుసార్లు అడిగాడు, మూడుసార్లూ అయిపోయిందండీ అంది. ఏం అయిందో ఆమెకే తెలీదు.

ఈలోగా ట్రిప్పు ముగించుకుని అమ్మ వచ్చింది, భుజాన టికెట్ల సంచీతో. కాగితం చదివింది. మొహం మారలేదు, అదే కష్టం.

"ఎంతసేపే? జనం చూస్తున్నారు."

"నేన్రాయను."

"నువ్వు రాయకపోతే నీ పని కూడా పోతుంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చుందామా?"

"కూర్చుందాం. నాకేం."

"నోరు చూడు దీనికి. ఇటివ్వు ఆ సుద్ద."

అమ్మ రాసింది. నిజంగానే రాసింది, కూతురి పని పోకూడదని. కాకపోతే ఇరవై రెండేళ్లు ట్రిప్పు కాగితం మీద రోజుకి ఆరుసార్లు రద్దీ, రద్దీ, రద్దీ అని రాసిన చెయ్యి అది. కొత్త రోడ్డు పడేదాకా దానికి ఇంకో మాట రాసే పనే పడలేదు. చివరి మాట దగ్గరికొచ్చేసరికి చెయ్యి తన అలవాటున తను పోయింది.

కొండబస్సు సోమవారం నుంచి రద్దీ.

సుద్దముక్క బోర్డుకి దగ్గరగా జరిగి చూసింది. ఒక్క అక్షరం రాలలేదు. అమ్మ అటు చూడకుండానే చేతులు దులుపుకుని, అన్నం తిన్నావా అని అడిగి వెళ్లిపోయింది. పెద్దసారు కళ్లజోడు లేకుండా వచ్చి చూసి సరే అన్నాడు.

సోమవారం స్టాపులో కాలు పెట్టే సందు లేదు. ఒకాయనకి పైఊళ్లో కళ్ల పరీక్షలంట. ఒకావిడకి ఉన్నట్టుండి చెల్లెలు గుర్తొచ్చిందంట. బ్యాండువాళ్లు డోళ్లతో సహా ఎక్కేశారు. కొందరికి ఎందుకెళ్తున్నారో వాళ్లకే తెలీదు, సీటు మాత్రం కావాలి. సుద్దముక్క ఎలాగోలా వెనక మెట్టు మీద ఇరుక్కుంది.

అప్పుడే డిపో నుంచి ఇన్‌స్పెక్టరు అమ్మ బదిలీ కాగితం పట్టుకొచ్చాడు. అమ్మేమో ముందు డోరు దగ్గర, ఆయన వెనక డోరు దగ్గర, మధ్యలో జనం గోడ కట్టినట్టు. తోసుకెళ్లబోతే మోచేతులు తగిలాయి. చివరికి కాగితం మడిచి దగ్గరున్నాయనకి ఇచ్చాడు.

"కండక్టరమ్మకి. కాస్త ముందుకి పంపండి."

ఆయన పక్కావిడకి, ఆవిడ డోలాయనకి, డోలాయన ఇంకెవరికో. కాగితం తలల మీదుగా పోయింది. బస్సు కదిలింది. లోపలికి జరగండి, జరగండి అని అమ్మ అరుస్తూనే ఉంది, చాలా రోజుల తర్వాత గొంతు బొంగురుపోయేలా.

మూడేళ్లయింది. జనం ఎక్కుతున్నారు, దిగుతున్నారు, కాగితం ముందుకి పంపుతూనే ఉన్నారు. ఇంకా అమ్మ దాకా రాలేదు.